ఐసుతో పెంచిన కడుపు

ఆ మధ్యాహ్నం హొస్నియా తిన్నది ఒక సాసరు అన్నం, రెండు సంచుల ఐసు.

అన్నం ఇంట్లో, అమ్మ కళ్ళముందు తింది. మొక్కజొన్న నూక కలిపిన అన్నం, మునగాకు చారు, ఉప్పు. ఐసు మాత్రం మర్‌హాని కొట్టు వెనక, రోడ్డుకు వీపు తిప్పి నిలబడి తింది. ప్లాస్టిక్ సంచి మూతి పంటితో కొరికి, గడ్డను గోడకేసి కొట్టి, ముక్కలు నోట్లో వేసుకుని కరకరా నమిలింది. పళ్ళు జివ్వుమన్నాయి. దవడలు మొద్దుబారాయి. అయినా సంచి అడుగున కరిగిన నీళ్ళు కూడా వదల్లేదు.

"మీ ఇంట్లో చేపలేమైనా నిలవ పెడుతున్నారా ఏంటే?" అంది మర్‌హాని కిటికీలోంచి తొంగి చూసి. "పొద్దునా నువ్వే, ఇప్పుడూ నువ్వే."

"గొంతెండిపోతోంది వదినా. ఎండ చూడు."

"ఎండ అందరికీ ఉంది. అందరూ నా గోడకేసి కొట్టుకు తినట్లేదు. మీ అమ్మకి తెలిస్తే పొగాకు తరిగే కత్తి పట్టుకొచ్చి ముందు నా ఫ్రిజ్‌ని, తర్వాత నన్ను నరుకుద్ది."

"నువ్వు చెబితేగా తెలిసేది."

"నేనెందుకు చెప్తాను? నీ మొహమే చెప్తోంది. పెదాలెలా తెల్లబడ్డాయో చూసుకో, నీళ్ళల్లో నానిన శవంలాగ." అనేసి, అన్న మాటకు తనే జడుసుకుని, దేవుణ్ణి క్షమించమంటూ గొణుక్కుని, కిటికీ వేసేసుకుంది.

ఇండోనేషియాలోని ఈ మదురా దీవిలో కడుపుతో ఉన్న ఆడది ఐసు ముట్టదు. ముడితే బిడ్డ లోపల గుమ్మడికాయలా ఊరి కాన్పుకు అడ్డం పడుతుందని ఉయ్యాల్లో పిల్లలకు తప్ప అందరికీ తెలుసు. రొయ్యలు తినకూడదు, రొయ్య వెనక్కి పాకుతుంది కాబట్టి బిడ్డ కూడా వచ్చినట్టే వచ్చి వెనక్కి పోతుంది. చేప తింటే బిడ్డకు నీచు వాసన, గుడ్డు తింటే ఒళ్ళంతా కురుపులు. ఇక పెద్ద పళ్ళెంలో తింటే మాయ కూడా పళ్ళెమంత అవుతుంది. అందుకే హొస్నియాకు కాఫీ గ్లాసు కింద పెట్టే సాసరులో అన్నం పెడుతోంది తల్లి జుమాతి.

జుమాతి పిసినారి కాదు, కఠినాత్మురాలూ కాదు. ఆమెకు భయం. పెద్దకూతురు మస్వియా కడుపుతో ఉన్నప్పుడు ఎవరి మాటా వినలేదు. మొగుడిది చేపల పడవ. రోజూ చేప, రోజూ గుడ్డు. పుట్టిన మగపిల్లాణ్ణి చూసి ఊరంతా ముక్కున వేలేసుకుంది, అంత పెద్దవాడు. వాడు పుట్టాక మస్వియాకు రక్తం ఆగలేదు. పరుపు తడిసి, వెదురు మంచం సందుల్లోంచి నేల మీదికి కారింది. జుమాతి పొయ్యిలో బూడిద తెచ్చి పోస్తూనే ఉంది, పోసిన బూడిద నానుతూనే ఉంది. తెల్లారేసరికి కూతురు లేదు. దానికి ఆమె చెప్పుకున్న కారణం ఒక్కటే: బిడ్డ పెద్దది, రక్తం ఎక్కువ.

అప్పటినుంచీ ఎవరి కడుపు ముందుకు పొడుచుకొచ్చి కనిపించినా జుమాతి మొహం తిప్పుకునేది. రెండో కూతురి కడుపును చిన్నదిగా ఉంచడం ఆమెకు నమాజంత నియమమైంది. నర్సమ్మ ఇచ్చిన మాత్రల అట్ట మీద 'రక్తం పెంచే మాత్ర' అని ఉందని అల్లుడు మిస్నావి చదివి చెప్పిన రోజున, ఆమె మారుమాట లేకుండా అట్ట లాక్కెళ్ళి అరటి మొదట్లో పాతేసింది.

"రక్తం పొంగి ఒకదాన్ని పోగొట్టుకున్నా. దీనికి ఇంకా పెంచుతారంట, పెంచి!"

హొస్నియా భయం సరిగ్గా దీనికి తలకిందులు. పంతొమ్మిదేళ్ళకు ఆమెకిది రెండో కడుపు. మొదటివాడు నెలలు నిండకుండా పుట్టాడు. తల్లి దోసిట్లో సరిపోయాడు. పాలు పట్టబోతే రొమ్ము అందుకునే బలం లేక నోరు తెరుచుకుని అలాగే నిద్రపోయేవాడు. మూడో రోజు నిద్ర లేవలేదు. వాడు పుట్టిన పూట జుమాతి "చిన్నవాడు, సుళువుగా వచ్చాడు, దేవుడు చల్లగా చూశాడు" అంది. ఆ మాట హొస్నియా చెవుల్లోంచి పోలేదు. వాడు పోయిన ఏడాదిలోపే మళ్ళీ నెల తప్పింది. ఈసారి ఆరో నెల దాటినా కడుపు లుంగీ ముడి మీద ఆనడం లేదు.

నెలకోసారి వచ్చే నర్సమ్మ హొస్నియా పొట్ట మీద టేపు పెట్టి, "బిడ్డ పెరగాల్సినంత పెరగడం లేదు" అంది.

ఆ మాటను హొస్నియా పొగాకు ఆకులు చుడుతూ రెండు రోజులు నమిలింది. బిడ్డ పెరగడం లేదు. ఐసు బిడ్డను పెంచుతుంది. అమ్మ చెప్పింది, అమ్మమ్మ చెప్పింది, పాలేర్ల పెళ్ళాలు కూడా చెప్పారు. ఇంతమంది ఆడవాళ్ళు ఒక్కమాట మీద ఉన్న మందు ఇంకొకటి ఉంటుందా? చేప దొంగతనంగా తింటే వాసనొస్తుంది, గుడ్డు తింటే పెంకు మిగుల్తుంది. ఐసు అయితే కరిగిపోతుంది. మూడో రోజు మర్‌హాని కొట్టుకెళ్ళింది.

ఏడో నెలలో ఆచారం ప్రకారం స్నానం చేయించారు. పూలు వేసిన నీళ్ళు, కొబ్బరి చిప్ప ముంత, తలా ఒక ముంత పోయడానికి వచ్చిన వాడకట్టు ఆడవాళ్ళు. తడిసిన లుంగీ ఒంటికి అంటుకుపోయేసరికి దాచడానికేమీ మిగల్లేదు.

"కడుపెక్కడే?" అంది ఒకామె, ముంత పైకెత్తి పట్టుకుని. "నేను పోస్తే కొట్టుకుపోయేలా ఉంది."

"అరటిపండు మింగిందేమో, అరిగిపోతోంది," అంది ఇంకొకామె.

అందరూ నవ్వారు. జుమాతి కూడా నవ్వింది, నిండుగా. ఎన్నాళ్ళకో ఆమె మొహం విప్పారింది. నీళ్ళు ముంచుకొస్తుంటే కళ్ళు మూసుకున్న హొస్నియాకు తల్లి నవ్వు ఒక్కటే వినిపించింది. మర్నాటి నుంచి ఐసు రెట్టింపు చేసింది.

తర్వాతి నెల నర్సమ్మ వచ్చిన రోజు వరండా నిండా జనం. నర్సమ్మ పేరు వివిక్, జావా మనిషి. ఊళ్ళో అందరికీ బు వివిక్, అంటే వివిక్ అమ్మగారు. మాట దురుసు, చెయ్యి మెత్తన. హొస్నియా జబ్బకు టేపు చుట్టింది. టేపు, జబ్బ మరీ బక్కదని చెప్పే ఎర్ర రంగు దగ్గరే ఆగిపోయింది. పొట్ట మీద పెట్టింది. పోయిన నెల ఎక్కడుందో దాదాపు అక్కడే ఉంది.

"ఏం తింటున్నావు?"

"అన్నీ తింటున్నాను బు."

"అన్నీ అంటే?"

"అన్నం."

వెనక బెంచీ మీద ఎవరో కిసుక్కుమన్నారు.

"మాత్రలు వేసుకుంటున్నావా?"

"వేసుకుంటున్నాను."

"దొడ్డికి నల్లగా వస్తోందా?"

"లేదు బు, మామూలుగానే," అంది హొస్నియా, ఒంట్లో ఏ తేడా లేదని చెప్పుకోవడానికి ఒక్కటైనా దొరికినందుకు సంతోషపడుతూ.

వివిక్ టేపు చుట్టడం ఆపి ఆమె మొహంలోకి చూసింది. ఆ మాత్రలు వేసుకునేవాళ్ళకు మామూలుగా ఉండదు. ఆ చూపుకు హొస్నియా తట్టుకోలేకపోయింది. మాత్రల సంగతి బయటపడితే అమ్మను తిడతారు. అందుకని తను మంచిదనుకుంటున్న సంగతి ఒకటి ముందుకు తోసింది.

"బు, నేను ఐసు తింటున్నాను. చాలా తింటున్నాను. ఇంకెంత తింటే పెరుగుద్ది?"

వరండా గొల్లుమంది. "ఓసి నీ దుంప తెగ! నీకు కావాల్సింది బిడ్డా, ఐస్‌ఫ్రూటా?" అంది బెంచీ మీది నుంచి ఒక గొంతు. వివిక్ కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది.

"ఉండు. మందులా మింగుతున్నావా, ఇష్టంగా తింటున్నావా?"

"మొదట్లో మందులాగే బు. ఇప్పుడు..." హొస్నియా గొంతు తగ్గించింది. "ఇప్పుడు లేకపోతే ఉండలేను. ఆకు చుడుతుంటే కూడా దాని చప్పుడే చెవుల్లో. కొట్టు మూసిన రోజు ఏడుపొచ్చింది."

వివిక్ ఆమె కింది కనురెప్పను బొటనవేలితో లాగింది. ఎర్రగా ఉండాల్సిన చోట నానిన కాగితంలా ఉంది. వేలు పొడిచి చిన్న మిషన్లో చుక్క వేసింది. మిషన్ చూపించిన అంకెను రెండుసార్లు చూసి, ఇంకో వేలు పొడిచి మళ్ళీ చూసింది. పదకొండు ఉండాల్సినది ఏడు.

"ఐసు బిడ్డని పెంచదు, హొస్నియా. అది ఒట్టి నీళ్ళు. కానీ రక్తం బాగా పల్చబడినవాళ్ళకి ఒక్కోసారి ఐసు మీద ఇలా పిచ్చి పుడుద్ది. ఎందుకో మాకూ సరిగ్గా తెలీదు. నువ్వా మాట అనకపోతే ఈ పూట నీ వేలు పొడిచేదాన్ని కాదు. పోయిన నెలే పొడవాల్సింది, జనం ఎక్కువున్నారని వదిలేశా."

హొస్నియాకు మొదటి ముక్కే వినిపించింది. ఒట్టి నీళ్ళు. కొట్టు వెనక నిలబడి, దవడలు నొప్పెడుతుంటే, ఒక్కో ముక్కా మింగుతూ, ఇది నీకు, ఇది నీకు అని లోపలి ప్రాణంతో చెప్పుకున్నదంతా ఒట్టి నీళ్ళు.

"చచ్చిపోతుందా బు?"

"ఎవరు?"

"లోపలిది."

వివిక్ ఊరడించే మనిషి కాదు. "ఇలా పుడితే నాకూ భయమే. నీ రక్తం ఇలాగే ఉంటే నీ గురించీ భయమే. నీ వయసు నేను మార్చలేను, వెంట వెంటనే రెండు కడుపులొచ్చాయి, దాన్నీ మార్చలేను. మిగతాదంతా మీ ఇంట్లో ఉంది. పద, నేనొస్తున్నా."

స్కూటరు వాకిట్లో ఆగేసరికి జుమాతి పొగాకు ఆకుల మధ్య కూర్చుని ఉంది. ఊళ్ళో అది పొగాకు కోతల కాలం. కోసిన ఆకు పండడానికి ఇళ్ళల్లోనే గుట్టలు పెడతారు. హొస్నియా పడుకునే గదిలో మంచం పోను మిగతాదంతా ఆకే. పండిన ఆకులను పొత్తులుగా చుట్టడం ఆడవాళ్ళ పని. తరిగిన పొగాకు వెదురు తడికల మీద వాకిలంతా ఆరుతోంది. మిస్నావి లవంగాల సిగరెట్టు ముట్టించుకుని తడికలు తిరగేస్తున్నాడు.

"ఏమైంది?" అంది జుమాతి, నర్సమ్మను చూసి.

వివిక్ నిలబడే చెప్పింది. పిల్లకు రక్తం లేదని, తిండి లేదని, ఆకు రసం చేతుల్లోంచి ఒంట్లోకి దిగుతుందని, గదిలో పొగ ఉండకూడదని. జుమాతి తల ఊపుతూ విన్నది, వాన చప్పుడు విన్నట్టు. అప్పుడు వివిక్ నోరు జారింది.

"పాపం, బిడ్డ పెరగాలని ఈ పిల్ల దొంగచాటుగా ఐసు తింటోంది, తెలుసా మీకు?"

జుమాతి ఒళ్ళో చుట్టిన ఆకు విడిపోయింది.

"ఐసా?"

హొస్నియా తల దించుకుంది.

"ఎన్నాళ్ళనుంచే, బింగ్? ఎన్నాళ్ళనుంచి?" హొస్నియా చిన్నప్పుడు ఆమె ముద్దుగా పిలిచిన పిలుపు అది. "నీకేం పాపం చేశానే? మళ్ళీ నా చేత బూడిద పోయిస్తావా?"

ఆమె లేచి చెప్పుల్లేకుండా పరిగెత్తింది. నాలుగిళ్ళ అవతల ఉండే ముసలి మంత్రసాని సత్తిమా రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. సత్తిమా తాంబూలం ఉమ్మేసి, చేతులు కడుక్కుని, హొస్నియాను చాప మీద పడుకోబెట్టి పొట్ట తడిమింది. మిస్నావి సిగరెట్టు వేళ్ళ దాకా కాలింది.

"ఊఁ," అంది సత్తిమా. "ఐసూ లేదు గియిసూ లేదు. పిట్టంత ఉంది."

జుమాతి గుమ్మం మీద కూలబడి, రెండు చేతులూ పైకెత్తి దేవుడికి కృతజ్ఞత చెప్పుకుంది.

హొస్నియా చాప మీద లేచి కూర్చుంది. ఆమె తల్లికి ఎదురు చెప్పే పిల్ల కాదు.

"అమ్మా, మొదటివాణ్ణి కడిగింది నువ్వేగా. ఎంత బరువున్నాడు?"

జుమాతి చేతులు గాల్లోనే ఉండిపోయాయి.

"చెప్పు."

"తెలీదు," అంది చేతులు దించి. "చేతుల్లో వాడి బరువు తెలీలేదే. పోసిన నీళ్ళ బరువే తెలిసింది."

ఆ తర్వాత ఆమె వాదించలేదు, బేరమాడింది. చేపా? సరే, ముళ్ళు తీసి. గుడ్డా? రోజు విడిచి రోజు. "రెండు పళ్ళేలు" అంది వివిక్. "రెండా!" అని గుండె మీద చెయ్యి వేసుకుంది జుమాతి. చివరికి మూడు పూటలా రెండేసి సాసర్ల దగ్గర తెగింది. మాత్రల దగ్గర మాత్రం మొండికేసింది.

"రక్తం పెంచేది వద్దు నర్సమ్మా. పాలైనా సరే, ఎక్కువైతే పొంగుతాయి. మీకు చేతులెత్తి మొక్కుతా."

"పొంగదు, బు జుమాతి. రక్తం బలంగా ఉన్నదాన్ని కాన్పు చంపదు. లేనిదానికి కాస్త పోయినా కష్టం. ఆ మాత్రలో ఉన్నది ఇనుము, అంతే."

"ఇనుమా?" అంది సత్తిమా, ఇంటికి పోబోతూ ఆగి. "మేకుల్లో ఉండే ఇనుమేనా?"

"అదే."

సత్తిమా హొస్నియా రవికకు గుచ్చిన పిన్నీసును వేలితో తట్టింది. కడుపుతో ఉన్నవాళ్ళెవరూ అది లేకుండా గడప దాటరు. ఇనుమంటే దయ్యాలకు భయం. "బయట ఒకటి గుచ్చుకునే ఉందిగదే. ఇప్పుడు లోపల కూడా గుచ్చుకుంటుంది. ఏం పోయింది?"

వివిక్ సరిదిద్దకుండా, సంచిలోంచి కొత్త మాత్రల అట్ట తీసి జుమాతి ముందు పెట్టింది.

జుమాతి పిన్నీసు వంక, మాత్రల వంక మార్చి మార్చి చూసింది. "ఇనుమైతే వేసుకోనీ. ఆ అట్ట మీద పేరు మాత్రం మార్చమనండి. చదివితేనే గుండె దడ."

మిస్నావి వంతు వచ్చింది. "పొగాకు పండించేవాణ్ణి పొగ తాగొద్దంటే, బు, జాలరోణ్ణి సముద్రంలో దిగొద్దన్నట్టే," అని నవ్వబోయాడు. అయినా ఆ సాయంత్రమే గదిలో ఆకు గుట్టలు పశువుల కొట్టంలోకి మోశాడు. సిగరెట్టు వాకిలి అవతల చింత కిందికి మార్చాడు, మానలేదు.

ఆ తర్వాతి రోజులు ఆ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళకూ నిద్రలేదు. పొద్దున్నే జుమాతి వచ్చి కూతురి లుంగీ ముడి చూసేది. "నిన్నటికన్నా బిగిసిందే," అనేది, ఏడుపు గొంతుతో. ఆ మాట కోసమే హొస్నియా కళ్ళు తెరిచేది. బిగియని రోజున తల్లి తేలిగ్గా ఊపిరి తీసుకునేది, కూతురు పొట్ట మీద చెయ్యి వేసుకుని కదలిక కోసం ఎదురుచూస్తూ కూర్చునేది. గుడ్డు ఒలిచి సాసరులో పెడుతున్నప్పుడు జుమాతి దేవుణ్ణి తలుచుకునేది. అయినా పెట్టింది. మాత్రలు కళ్ళముందే మింగించింది. మూడో వారానికి ఐసు మీద యావ తగ్గింది. మర్‌హాని, "నా బేరం పోగొట్టారు," అని దారిలో కనిపించినప్పుడల్లా దెప్పింది.

ఒక్కటి మాత్రం కుదరలేదు. కోతలు ముమ్మరమై, కూలీలు దొరక్క, పండిన ఆకు కుళ్ళే రోజులొచ్చాయి. హొస్నియా మళ్ళీ ఆకు చుట్టడానికి కూర్చుంది. "ఈ నాలుగు పొత్తులే," అంది మిస్నావి వద్దన్నప్పుడు. చేతులకు నల్ల జిగురు అంటింది, తల తిరిగింది, పక్కకు వంగి కక్కుకుంది. నర్సమ్మకు చెప్పలేదు.

తొమ్మిదో నెల నిండకముందే ఒక ఉదయం, ఆ ఆకుల మధ్యే ఉమ్మనీరు పోయింది.

ఇంట్లో వద్దు, ఆస్పత్రికే అని వివిక్ ముందే చెప్పింది. మిస్నావి పికప్ బండి మాట్లాడుకొచ్చాడు. వెనక పరుపు వేసి హొస్నియాను పడుకోబెట్టారు. గోదాము మలుపు దగ్గరికొచ్చేసరికి రోడ్డు నిండా పొగాకు లారీలు, ముక్కుకు తోక ఆనించుకుని. మిస్నావి దిగి లారీల బానెట్లు చరుస్తూ, అరుస్తూ, బతిమాలుతూ ముందుకు పోయాడు. ఒక డ్రైవరు, "నీ ఒక్కడి పొగాకే పొగాకా?" అని తిట్టి, వెనక బండిలోకి చూసి, నోరు మూసుకుని లారీ కాలవ గట్టు మీదికి ఎక్కించాడు.

హొస్నియా అరవలేదు. "అమ్మా, చిన్నగా ఉందా? తొందరగా వస్తోంది, చిన్నగా ఉండబట్టేనా?" అని అడుగుతూనే ఉంది. జుమాతి కూతురి కాళ్ళ కింద పరుపు తడుముతోంది, తడి ఎంత దూరం పాకిందో చూస్తూ.

వివిక్ పనిచేసే ఆస్పత్రిలో బల్ల ఎక్కించిన కాసేపటికే బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. ఏడుపు సన్నగా, తలుపు కీచుమన్నట్టు వచ్చింది. ఆ తర్వాత రక్తం వచ్చింది.

జుమాతి గోడకు ఆనుకుని చూసింది. బల్ల అంచు నుంచి బొట్టు, బొట్టు వెంట బొట్టు, ఆ తర్వాత ధార. వివిక్ ఒక చేత్తో పొట్ట గట్టిగా నొక్కిపట్టి, "ఇంకో ఇంజెక్షన్!" అని అరిచింది. ఎవరో పరిగెత్తారు. జుమాతి వంగి నేల మీద అరచేతులు ఆనించింది, దేనితోనో దాన్ని ఆపాలన్నట్టు. హొస్నియా మొహం గోడ రంగుకు తిరిగింది.

"ఆగింది," అంది వివిక్ చివరికి, చెయ్యి తీయకుండానే.

"ఆగిందా?"

"ఆగింది."

"మళ్ళీ వస్తుందా?"

"చూస్తున్నాను కదమ్మా. ప్రస్తుతానికి ఆగింది. ఆ రోజు వేలు పొడిచినప్పుడున్న రక్తంతోనే వచ్చుంటే ఇది తట్టుకునేది కాదు."

బిడ్డను తుడిచి తూకం మీద పెట్టారు. జుమాతికి అంకెలు రావు.

"ఎంత?"

"రెండు కిలోల వంద."

"ఎక్కువా, తక్కువా?"

"తక్కువ."

ఇన్ని నెలలూ ఆ మాట కోసమే మొక్కుకున్న మనిషి, అది చెవిన పడగానే నేల మీద కూర్చుండిపోయింది.

బిడ్డను గుడ్డల్లో చుట్టి పక్కన పడుకోబెట్టొద్దని, ఒంటి వేడి తగిలేలా రొమ్ముల మధ్య కట్టుకోమని వివిక్ చెప్పింది. హొస్నియాకు కూర్చునే ఓపిక లేదు. జుమాతి రవిక విప్పి మనవరాలిని తన గుండెకు కట్టుకుని, పైన కండువా చుట్టుకుని, ఆస్పత్రి మంచం మీద కదలకుండా కూర్చుంది. గంటకోసారి పాలకు తల్లికి అందించింది. బిడ్డ రొమ్ము అందుకుని రెండు గుక్కలు తాగి నిద్రపోయేది. అరికాలు గిచ్చి లేపేవాళ్ళు. మళ్ళీ రెండు గుక్కలు.

మూడో రోజు ఇద్దరిలో ఎవరూ బిడ్డ మొహం మీది నుంచి చూపు తిప్పలేదు. మధ్యాహ్నం తూకం వేస్తే కిలో తొమ్మిది వందల ఎనభై. "తగ్గింది బు, తగ్గింది," అని హొస్నియా మంచం దిగబోయి పడబోయింది. మొదట్లో అందరు పిల్లలూ తగ్గుతారని, తాగుతోంది కదా, తడుపుతోంది కదా అని వివిక్ ఎంత చెప్పినా ఆమె మళ్ళీ తూకం వేయమంటూనే ఉంది. ఆ పూటంతా జుమాతి బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టుకునే కూర్చుంది. సాయంత్రం బిడ్డ ఏడ్చింది. ఈసారి వరండాలోకి వినిపించింది.

ఇంటికి పంపిస్తూ, వారం తిరిగేసరికి మళ్ళీ తీసుకురమ్మన్నారు. తీసుకెళ్ళారు. తూకం బల్ల మీద పడుకోబెట్టి తల్లీ కూతురూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిలబడ్డారు. బిడ్డ కాళ్ళు తన్నుతుంటే ముల్లు కాసేపు అటూ ఇటూ ఊగింది. ఆగాక వివిక్ చదివింది.

రెండు కిలోల నూట నలభై.